కుక్కపిల్లతో ఎదిగే పిల్లలు – నాలుగవ పాఠం: నిలబెట్టడం, నోరు చూపించడం

మూడవ పాఠంలో అన్నం గిన్నె, నీళ్ల గిన్నె, నోటుపుస్తకం గురించి చెప్పుకున్నాం. ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఆ పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడండి. కుక్కపిల్ల ఏ వేళకు ఎంత తిన్నదో, విరేచనం ఎలా అయిందో, ఏ రోజు నులిపురుగుల మందు వేశారో మీ పిల్లల చేతిరాతలో కనీసం మూడు వారాల పాటు వరుసగా ఉంటేనే ముందుకు సాగండి. ఎర్ర సిరా వరుసలే ఇంకా ఎక్కువగా కనిపిస్తుంటే మరో రెండు వారాలు అక్కడే ఆగడం మంచిది. ఇప్పుడు నేర్చుకోబోయేది గిన్నె కడగడం లాంటి పని కాదు. ఇందులో పిల్లల చెయ్యి నేరుగా ఒక ప్రాణి ఒంటి మీద పడుతుంది.

ఎర్ర సిరా సంగతి మధ్యలో చేరినవారి కోసం మళ్లీ చెబుతాను. పిల్లలు మరిచిపోయినందుకు కుక్క పస్తు ఉండకూడదు. వేళ దాటితే పెద్దవాళ్లే అన్నం పెట్టి, పుస్తకంలో ఎర్ర సిరాతో "ఈ పూట అమ్మ పెట్టింది" అని రాసి ఊరుకోవాలి. తిట్టవద్దు, గుర్తు చేయవద్దు. ఆదివారం నాడు పిల్లలే ఆ ఎర్ర వరుసలు లెక్కపెట్టి కింద సంఖ్య వేస్తారు. మా ఇంట్లో మొదటి వారం ఎనిమిది వచ్చాయి, నాలుగో వారానికి ఒక్కటే మిగిలింది. రోజుకు పదిసార్లు "నీళ్లు పెట్టావా" అని అడిగిన రోజుల్లో మా అమ్మాయి నా గొంతు కోసం ఎదురుచూసేదే తప్ప గిన్నె వైపు చూసేది కాదు.

ఇక ఈ పాఠం. కుక్కల ప్రదర్శనలో జడ్జి ముందు కుక్క మూడు పనులు చేయాలి: నాలుగు కాళ్ల మీద కదలకుండా నిలబడాలి, పళ్లు, ఒళ్లు తడిమి చూడనివ్వాలి, లీష్ (మెడపట్టీకి కట్టి పట్టుకునే తాడు) లాగకుండా సమంగా నడవాలి. పశువైద్యుడి బల్ల మీద కూడా కావలసినవి ఇవే కాబట్టి, ప్రదర్శనకు ఎప్పటికీ వెళ్లని ఇంట్లోనూ ఈ పాఠం వృథా పోదు. అమెరికాలో 1902లో ఓహాయో రాష్ట్రంలో మొదలైన బాలల క్లబ్బులు తర్వాతి కాలంలో ఫోర్-హెచ్ అనే పెద్ద ఉద్యమంగా ఎదిగాయి. అందులో పిల్లలు దూడలనూ గొర్రెలనూ కుక్కలనూ పెంచి, లెక్కలు రాసి, ప్రదర్శనకు తీసుకువస్తారు. అక్కడ ఒక పోటీలో జంతువు అందానికి మార్కులు ఉండవు. పిల్లలు ఆ జంతువును ఎలా పట్టుకున్నారో, ఎలా నిలబెట్టారో, జడ్జి అడిగిన ప్రశ్నలకు ఏమి చెప్పారో మాత్రమే చూస్తారు. ఈ పాఠం చేస్తున్నంత కాలం మనం కూడా ఆ దృష్టితోనే పిల్లలను గమనించాలి.

ఉదాహరణలన్నీ మా ముత్యం నుంచి తీసుకున్నవి. అది రాజపాళయం జాతి ఆడ కుక్క. తెల్లటి పొట్టి వెంట్రుకలు, గులాబి రంగు ముక్కు. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీయ జాతుల కుక్కలతో బిళ్లలు వేసినప్పుడు అందులో రాజపాళయం ఒకటి. ఆ జాతికి పేరిచ్చిన తమిళనాడు ఊరు రాజపాళయం తెలుగు మాట్లాడే రాజు కులస్థులు తరతరాలుగా స్థిరపడిన ఊరు కాబట్టి, చెన్నైలో ఉన్న మనకు ఆ పేరు ఎంతో కొంత సొంతమనిపిస్తుంది. అయితే ఈ జాతిలో పుట్టు చెవుడు తరచుగా కనిపిస్తుంది. కుక్కపిల్ల నిద్రపోతున్నప్పుడో, అటు తిరిగి ఉన్నప్పుడో దూరంగా నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. చెవులు కదలకపోతే పశువైద్యుడికి చూపించండి. చెవిటి పిల్ల అయినా ఈ పాఠం నేర్చుకుంటుంది, మాటకు బదులు చేతి సైగ వాడితే చాలు.

ముందు మాటలు కుదుర్చుకోవాలి. మా ఇంట్లో నాయనమ్మ "నిలబడవే" అనేది, నేను "స్టాండ్" అనేదాన్ని, కింది వాటాలోని తమిళ కుటుంబం "నిల్లు" అనేవారు, ముత్యం మా అందరి ముఖాలూ చూసి కూర్చునేది. చివరకు మా అమ్మాయి ఒక కాగితం మీద నాలుగే మాటలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది: "నిలు" అంటే నిలబడాలి, "చూపు" అంటే నోరు తాకనివ్వాలి, "భేష్" అంటే నువ్వు చేసింది సరైనది, తినడానికి వస్తుంది, "చాలు" అంటే ఇక నీ ఇష్టం. "నిలు" అన్నది తమిళానికీ దగ్గరగా ఉండటంతో కింది వాటావారికి కూడా సులువైంది. ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆ కాగితం చూపించి, వేరే మాట వాడవద్దని మర్యాదగా చెప్పే పని మీ పిల్లలదే. తొమ్మిదేళ్ల పిల్ల తన నాయనమ్మకు నచ్చజెప్పడం చిన్న విషయం కాదు, ఆ పనిని మీరు చేతిలోకి తీసుకోకండి.

నేర్పే చోటు నున్నటి పలకల నేల కాకూడదు. కాళ్లు జారితే కుక్కపిల్ల బెదిరి ఒళ్లు బిగబడుతుంది, అందుకని గోనెసంచి గానీ కొబ్బరిపీచు పట్టా గానీ పరవండి. మేడ మీద చేస్తే ఉదయం ఏడు లోపు, లేదా ఎండ దిగి నేల చల్లబడిన తర్వాత చేయండి. మీ పిల్లలు అరచేతి వెనుక భాగాన్ని సిమెంటు మీద ఆనించి ఏడు లెక్కపెట్టాలి. చెయ్యి నిలవకపోతే కుక్క పాదమూ నిలవదు. అన్నం పెట్టడానికి ముందు, కాస్త ఆకలిగా ఉన్న వేళ మంచిది. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి, ఆ మేరకు పూట అన్నంలో తగ్గించండి. పాయసంలోని కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు హాని చేస్తాయని రెండవ పాఠంలో చెప్పాను. ముద్దుకొద్దీ కూడా వాటిని బహుమతిగా ఇవ్వకూడదు.

నిలబెట్టడం ఇలా. మాంసం ముక్కను కుక్కపిల్ల ముక్కుకు ఎదురుగా, సరిగ్గా ముక్కు ఎత్తులో పట్టుకుని, నేలకు సమాంతరంగా ఒక బెత్తెడు ముందుకు తీసుకువెళ్లాలి. చెయ్యి పైకి లేస్తే అది కూర్చుంటుంది, కిందికి దిగితే తల వంచుతుంది. పిల్లలు మొదటి రెండు రోజులూ చేసే తప్పు ఇదే. నాలుగు కాళ్లూ నేల మీద నిలిచిన క్షణంలోనే "భేష్" అనాలి, ఆ వెంటనే ముక్క నోటికి అందాలి. ఆలస్యంగా అంటే, ఆ మాట వినిపించే సమయానికి అది ఏ పని చేస్తుంటే దానికే బహుమతి వచ్చిందనుకుంటుంది. మొదటి రోజు మూడు సెకన్లు చాలు. రెండు వారాలకు ముప్పై సెకన్లకు చేరవచ్చు. ఒక్కో పూట అయిదు నిమిషాలకు మించవద్దు. కాళ్లను సర్దడం రెండో వారంలోనే మొదలుపెట్టండి. ముందు కాళ్లు భుజాల కింద నిటారుగా, వెనక కాళ్లు మడమకీలు నుంచి నేల వరకు నిట్టనిలువుగా ఉండాలి. ముందు కాలిని మోచేతి దగ్గర, వెనక కాలిని కీలుకు పైన పట్టుకుని మెల్లగా ఎత్తి దించాలి. పాదం పట్టుకుని లాగితే ఏ కుక్కయినా వెనక్కి లాక్కుంటుంది.

నోరు చూపించడం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మేము పొరపాటు చేసింది అక్కడే.

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. దాదాపు నాలుగో నెల నుంచి అవి ఊడిపోతూ, ఆరేడు నెలలకు 42 పెద్ద పళ్లు వస్తాయి. జడ్జి చూసేది ముఖ్యంగా కాటు: చాలా జాతుల్లో నోరు మూసినప్పుడు పై వరుస ముందుపళ్లు కింది వరుస మీద కత్తెర రెక్కల్లా ఆనుకుని ఉండాలి. దాన్ని చూడటానికి నోరు తెరవనవసరం లేదు. ఒక చేత్తో గడ్డం కింద ఆసరా ఇచ్చి, రెండో చేతి బొటనవేలితో పై పెదవిని కొద్దిగా ఎత్తితే సరిపోతుంది. ఇదంతా మా అమ్మాయికి తెలుసు, నేర్చుకుంది, నాలుగైదు రోజులు బాగానే చేసింది. ముత్యానికి అయిదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం సాయంత్రం మాధవరం నుంచి మా అక్కావాళ్లు వచ్చారు. నలుగురూ చూస్తున్నారన్న ఉత్సాహంలో అమ్మాయి "చూపు" అనకుండానే దవడ పట్టుకుని నోరు తెరిచింది. బొటనవేలు కదులుతున్న కోరపన్నుకు గట్టిగా తగిలింది. ముత్యం కీచుమని అరిచి మంచం కిందికి దూరింది. అమ్మాయి వేలి మీద ఆవగింజంత రక్తం, అది ముత్యం చిగురుది.

ఆ రాత్రి నేను మందలించలేదు. పుస్తకం మాత్రం అమ్మాయి ముందు పెట్టాను. తను చాలాసేపు పెన్ను పట్టుకుని, తన నోట్లో కదులుతున్న పన్నును నాలుకతో నెట్టుకుంటూ కూర్చుంది. తర్వాత రాసింది: "ముత్యం పన్ను కదులుతోంది. నేను ముందు చూడలేదు. నా పన్ను ఎవరైనా అలా నొక్కితే నేను కూడా అరుస్తాను." మర్నాటి నుంచి ముఖం దగ్గరికి చెయ్యి వస్తే చాలు, ముత్యం తల తిప్పుకునేది. అమ్మాయి ఏడ్చింది, సారీ చెప్పింది, అయినా తల తిప్పుకోవడం ఆగలేదు.

మళ్లీ దారిలో పెట్టడానికి పందొమ్మిది రోజులు పట్టింది. మీ ఇంట్లో ఇలాంటిది జరగకపోయినా మొదటి నుంచీ ఇదే వరుసలో వెళ్లండి. మొదటి మూడు రోజులు చెయ్యి గడ్డానికి ఒక జానెడు దూరంలో ఆపి, ముత్యం తల తిప్పకుండా ఉంటే "భేష్", ముక్క, అంతే. తర్వాత నాలుగు రోజులు గడ్డం కింద వేళ్లు ఆనించి ఒకటి లెక్కపెట్టడం. ఆ తర్వాత అయిదు దాకా లెక్కపెట్టడం, ఆపై పెదవిని బయటి నుంచి నిమరడం. పెదవి ఎత్తడం రెండో వారం చివరికి గానీ రాలేదు, అదీ ఒక్క పక్కనే. ఏ రోజైనా తల తిప్పుకుంటే ఆ రోజుకు ఒక మెట్టు కిందికి దిగాలి. ఎనిమిదో రోజు అమ్మాయి విసుగుతో రెండు మెట్లు దాటవేయబోయి, తనే ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పేజీలో "ఈ రోజు ఏమీ కాలేదు" అని ఉంటుంది. ఆ పుస్తకం మొత్తంలో నేను చాలాసార్లు తిప్పి చూసుకునే పేజీ అది.

ఆపవలసిన గుర్తులు పిల్లలకు నోటికి రావాలి. తిండి కనిపించకుండానే పెదవులు నాకుకోవడం, నిద్ర వేళ కాకుండా ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, ఒళ్లు బిగబట్టడం. వీటిలో ఏది కనిపించినా "చాలు" అని వదిలేయాలి. గుర్రు అన్నదంటే అంతకుముందు గుర్తును మనం చూడలేదని అర్థం. గుర్రు అన్నందుకు కుక్కను కొట్టకూడదు, కొడితే తర్వాతిసారి అది గుర్రు అనకుండానే కరవవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఈ అభ్యాసం చేస్తున్నంతసేపూ పెద్దవారు చెయ్యి చాచితే అందే దూరంలో ఉండాలి. ఈ నియమానికి ఏ ఇంట్లోనూ మినహాయింపు లేదు.

ఇంట్లోవారి చేతికి అలవాటుపడిన తర్వాత కొత్త చేతులు. బయటకు తీసుకువెళ్లే ముందు టీకాల కార్డు చూసుకోండి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) తదితర వ్యాధుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారు వారాల దాకా సాగుతాయి, రేబీస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. అవి పూర్తయ్యేదాకా కొత్తవారినే ఇంటికి పిలవండి. చేతులు కడుక్కుని, చెప్పులు బయట విడిచి వస్తారు. ఎలా తాకాలో వారికి చెప్పవలసింది పిల్లలే: "మామయ్యా, పైనుంచి తల మీద చెయ్యి వేయకండి, ముందు మీ పిడికిలి వాసన చూడనివ్వండి, తర్వాత గడ్డం కింద, ఆ తర్వాత వీపు." పెద్దవారు వినకుండా చెయ్యి చాపితే పిల్లలు "ఈ రోజుకు వద్దండీ" అని కుక్కను పక్కకు తీసుకువెళ్లవచ్చు. ఆ మాట అనే హక్కు వారికి ఉందని మీరు ముందే, అందరి ఎదుటా చెప్పి ఉంచాలి.

నడక గురించి ఇప్పటికి కొద్దిగా చాలు. కుక్క ఎడమ పక్కన ఉండాలి, జడ్జి మధ్యలో నిలబడతారు కాబట్టి రింగులో, అంటే ప్రదర్శన బరిలో, అపసవ్యంగా తిరగాలి, అప్పుడే జడ్జికీ కుక్కకూ మధ్య మనం అడ్డం రాము. లీష్ వదులుగా ఉండాలి. అది బిగిస్తే పిల్లలు ఆగి నిలబడాలి తప్ప తిరిగి లాగకూడదు. రాజపాళయం పెద్దయ్యాక బలమైన కుక్క, వీధిలో దాని లీష్ ఒక్క పిల్ల చేతికి ఇవ్వవద్దు.

తదుపరి పాఠం వచ్చేలోగా పుస్తకంలో ఒక కొత్త పేజీకి నాలుగు గళ్లు గీయించండి: తేదీ, ఎన్ని సెకన్లు నిలబడింది, నోటి దగ్గర ఏ మెట్టు దాకా వెళ్లారు, ఎందుకు ఆపారు. నాలుగో గడి ఖాళీగా వదలకూడదు. ఇంటికి సంబంధం లేని ఏడుగురు, వేర్వేరు రోజుల్లో, ముత్యం లాంటి మీ కుక్కపిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి అయిదు లెక్కపెట్టగలిగిన నాడు అయిదవ పాఠానికి రండి. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లకు ప్రదర్శనలో ఎలాగూ చోటు లేదు, తొందర పడవలసిన పని లేదు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), రిజిస్ట్రేషన్ పత్రాలు, రింగులోకి అడుగుపెట్టే వరుస అన్నీ అక్కడ చూద్దాం.