నారోబోటులో చెక్కపని మొరాయిస్తే

ఇంగ్లండు మధ్య ప్రాంతాల్లో ఇరుకు కాలవల లాకులు, అంటే పడవల్ని ఎత్తు నుంచి పల్లానికీ పల్లం నుంచి ఎత్తుకీ చేర్చే గేట్ల గదులు, సుమారు ఏడడుగుల వెడల్పే ఉంటాయి. 18వ శతాబ్దంలో ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ నాటి కొలత అది. వాటిలో దూరాలి కాబట్టి, ఆ కాలవల్లో తిరిగే సన్నటి పొడుగు పడవ, నారోబోటు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలకు మించదు. షాపులో కొన్న బీరువా ఇందులో పట్టదు. పట్టినా మనం పట్టం. అందుకే ఈ పడవల్లో ఉండేవాళ్లు ఎవరైనా ఏడాది తిరిగేసరికి సగం వడ్రంగులైపోతారు. నేనూ అంతే. గోదావరి కాలవల పక్కన పెరిగినా, చిత్రిక పట్టడం మాత్రం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను.

అర లెవెల్‌గా బిగించాను, వారానికే వాలింది

అర వాలలేదు, పడవ లేచింది. చాలా పడవల్లో మంచినీళ్ల ట్యాంకు ముక్కు దగ్గరే ఉంటుంది. అందులో 500 లీటర్లు పడితే ముందు భాగం మీద అర టన్ను బరువు పడినట్టే. నీళ్లు వాడేకొద్దీ ముక్కు పైకి లేస్తుంది. నా మొదటి అరకి రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా గంటసేపు సర్దాను. ట్యాంకు ఖాళీ అయిన రోజు ఆ అర మీది నిమ్మకాయ తాపీగా దొర్లుకుంటూ వచ్చి టప్పున నా పాదం మీద పడింది.

పడవలో రసమట్టాన్ని పెట్టెలోనే ఉంచండి. రెండు చివర్లా నేల నుంచి టేపుతో ఒకే ఎత్తు కొలిచి గీత కొట్టండి, నిలువుకి మూలమట్టాన్ని నేలకి ఆన్చి చూడండి. కిటికీ చట్రానికి సమాంతరంగా ఉందంటే కంటికి తిన్నగానే కనిపిస్తుంది. పక్క గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి కాబట్టి, గోడకి ఆనే చెక్కని కోసేముందు అట్టముక్కని ఆ వాలుకి కత్తిరించి సరిచూసుకోండి. అట్ట పాడైతే ఇంకో అట్ట దొరుకుతుంది, ఓక్ పలక అలా దొరకదు.

లాకులో గేటు తగలగానే సొరుగులన్నీ బయటికొస్తున్నాయి

ఇంట్లో వాడే బేరింగు పట్టాలు వేసి ఉంటారు. అవి వేలితో తాకితే జారతాయి, 15 టన్నుల పడవ గేటుకి తగిలితే ఆగుతాయా? అయస్కాంతం గడియలూ ఆ దెబ్బకి నిలవవు. సొరుగు పక్క చెక్కల అడుగున, ముందు భాగంలో సెంటీమీటరు లోతు గాడి కోయండి. మూసినప్పుడు ఆ గాడి ముందు పట్టీ మీదికి దిగి కూర్చుంటుంది. తెరవాలంటే కొంచెం ఎత్తి లాగాలి. పైన అంతే ఖాళీ వదలడం మరిచిపోకండి, నేను మరిచి మళ్లీ చేసుకున్నాను.

వెనక తలుపు చలికాలం పట్టేస్తోంది

వెంటనే చిత్రిక తీయకండి. తీస్తే ఎండాకాలంలో సందు పడి గాలి కొడుతుంది. ముందు తలుపు అడుగంచు తడిమి చూడండి. పైన నాలుగు కోట్లు వార్నిష్ ఉంటుంది, అడుగున ఏమీ పూయని ఉత్త చెక్కే ఉంటుంది. నీళ్లు పీల్చేది అక్కడే. తలుపు ఊడదీసి, స్టవ్‌కి దూరంగా బాగా ఆరనిచ్చి, అన్ని అంచులకీ వార్నిష్ పట్టించాక అప్పుడూ పడితే కొద్దిగా తీయండి.

ఓక్ చెక్క మీద స్క్రూల చుట్టూ నల్లటి మరకలు

ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిస్తే నీలినలుపు రంగు వస్తుంది. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలకి మారండి. మరకకి ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది, అది విషం, గ్లవ్స్ తప్పనిసరి.

అల్మరా వెనక బూజు

చల్లటి ఉక్కు గోడకి మన ఊపిరీ వంటావిరీ తగిలి నీరవుతాయి. అల్మరా వెనక రెండు వేళ్ల సందు, తలుపులకి కిందా మీదా గాలి రంధ్రాలు ఉండాలి. పరుపు కింద ప్లైవుడ్ తీసేసి విడివిడి పట్టీలు వేయండి. చలేస్తోందని గదికి గాలి వచ్చే వెంట్లని మాత్రం చెక్కతో మూయకండి. స్టవ్ వెలుగుతున్న పడవలో అది ప్రాణం మీదికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ తప్పనిసరే.

కొలతలు తీసి మూడు వారాలైంది, పలక ఇంకా కోయలేదు

ఇది అందరికీ వచ్చే జబ్బే. గంటకి నాలుగు మైళ్లు దాటకూడని దారిలో ఒడ్డున కుక్కతో నడిచేవాళ్లే మనల్ని దాటిపోతుంటారు, కొంగ కదలదు, టీ చల్లారదు. ఇక లాంగొలెన్ కాలవ పట్టారంటే వేల్స్‌లో 1805లో తెరిచిన పాంట్‌కసల్తె నీటి వంతెన, అంటే కాలవనే లోయ మీదుగా దాటించే వంతెన, వస్తుంది. లోయకి 38 మీటర్ల పైన ఇనప తొట్టిలో పడవ పోతుంది. నడకదారి వైపు కమ్మీలున్నాయి, రెండోవైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. అక్కడ చేతిలో రంపం ఎవడు పడతాడు? పని వాయిదా వేసుకోండి. జిగురు సీసా మూత మాత్రం గట్టిగా బిగించండి, లేదంటే తిరిగొచ్చేసరికి గడ్డకట్టి ఉంటుంది.