చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో దెబ్బ తగిలితే: అమెరికాలో సమస్యలు, పరిష్కారాలు

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో దెబ్బలు తగిలే చోట్లు దాదాపు ఒకటే. గుమ్మం దగ్గర గుట్టగా పడి ఉన్న చెప్పులు, బూట్లు. వాటిని విడిచి సాక్సులతో ఎక్కే నున్నటి చెక్క మెట్లు. వెలుతురు సరిగా లేని బేస్‌మెంట్. గరాజ్‌లో పెట్టిన గ్యాస్ పొయ్యి, దాని చుట్టూ చిందిన నూనె. వ్రతానికో బర్త్‌డేకో వెళ్లినవాళ్లలో ఎవరో ఒకరు జారతారు. చాలామంది మర్నాటికి లేచి తిరుగుతారు. తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు మాత్రం అంబులెన్స్, ఆపరేషన్, ఫిజికల్ థెరపీ అంటూ బిల్లులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఈ విషయంలో చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఇక్కడ చెప్పేది ఏ తలుపు తట్టాలో తెలియడానికి. మీ కేసు నిలబడుతుందా లేదా అన్నది మీ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న లాయరే చెప్పాలి.

సమస్య: పడ్డారు, "ఏం కాలేదులెండి" అని లేచి ఇంటికొచ్చేశారు. రెండు రోజులకు కాలు వాచింది.

కారణం మొహమాటం. పది మంది ముందు పడినందుకు సిగ్గు, ఇంటివాళ్లు బాధపడతారేమోనన్న జంకు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం వారం ఆలస్యమైతే, ఆ దెబ్బ ఆ ఇంట్లోనే తగిలిందని రుజువేమిటని ఇన్సూరెన్స్ కంపెనీ అడుగుతుంది. అడగడం వాళ్ల పని.

ఆలస్యమైనా సరే, వెంటనే అర్జెంట్ కేర్‌కు (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) వెళ్లండి. అక్కడ "పడిపోయాను" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. "ఫలానా రోజు సాయంత్రం స్నేహితుల ఇంట్లో బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే, పైనుంచి మూడో మెట్టు మీద కార్పెట్ అంచు లేచి ఉంది, బొటనవేలు అందులో చిక్కుకుంది, పట్టుకుందామంటే రెయిలింగ్ ఊడి చేతిలోకొచ్చింది" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. నర్స్ దాన్ని రికార్డులో రాస్తుంది. నెలల తర్వాత ఎవరు ఏం చెప్పినా, ఆ రోజు రాసిన ఆ రెండు వాక్యాలకున్న విలువ వేరు.

ఫోటోలు కూడా ఆ రోజువే కావాలి. మర్నాడు ఇంటాయన మంచి మనసుతోనే రెయిలింగ్‌కు స్క్రూలు బిగించేస్తాడు, సాక్ష్యం పోతుంది. మెట్టు, కార్పెట్ అంచు, రెయిలింగ్ గోడకు తగిలించిన బ్రాకెట్, లైటు స్విచ్ ఎక్కడుందో, మీరేం తొడుక్కున్నారో అన్నీ తీసి ఉంచుకోండి. ఫంక్షన్ అయితే ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు, అడిగి తెప్పించుకోండి. ఇంటివాళ్లకు ఆ రాత్రే "మీ మెట్ల మీద పడ్డాను కదా, కాలు వాచింది, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం" అని ఒక వాట్సాప్ మెసేజ్ పెడితే తారీఖుతో సహా రికార్డు ఉన్నట్టే.

సమస్య: "భోజనానికి పిలిచినవాళ్ల మీద కేసు వేస్తామా? నలుగురూ ఏమనుకుంటారు?"

డబ్బు స్నేహితుడి జేబులోంచి పోతుందన్న అపోహ దీనికి మూలం. ఊళ్లో మన ఇళ్లకు ఇలాంటి బీమా ఉండటం అరుదు కాబట్టి అలా అనిపించడం సహజమే. అమెరికాలో లోన్ మీద కొన్న ఇంటికి హోమ్ ఇన్సూరెన్స్ దాదాపు తప్పనిసరి. మామూలు పాలసీలో ఇల్లు కాలిపోతే ఇచ్చే డబ్బుతో పాటు, అతిథుల కోసం రెండు భాగాలు ఉంటాయి.

ఒకటి మెడికల్ పేమెంట్స్, వాడుకలో మెడ్ పే. ఇందులో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. అతిథికి ఆ ఇంట్లో దెబ్బ తగిలితే చాలు, వైద్యం ఖర్చు ఇస్తారు. మొత్తం మాత్రం చిన్నది, ఎక్కువ పాలసీల్లో 1,000 నుంచి 5,000 డాలర్ల మధ్య ఉంటుంది. అందరూ వాడుతున్న ప్రామాణిక పాలసీలో ప్రమాదం జరిగిన మూడేళ్లలోపు అయిన ఖర్చులకు ఇది వర్తిస్తుంది. చెయ్యి బెణికి ఎక్స్‌రే తీయించుకున్న కేసు ఇక్కడితోనే ముగిసిపోతుంది. లాయర్ అక్కర్లేదు, గొడవా అక్కర్లేదు.

రెండోది పర్సనల్ లయబిలిటీ. సాధారణంగా 100,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇంటివాళ్ల నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలిందని చూపించగలిగితే వైద్యం ఖర్చు, పోయిన జీతం, పడ్డ నొప్పి అన్నీ అడగొచ్చు. కోర్టుకు వెళ్తే ఇంటివాళ్ల తరఫున లాయర్‌ను పెట్టేది, ఖర్చు పెట్టేది కూడా కంపెనీయే.

కాకపోతే ఒక చిక్కు ఉంది. చాలా రాష్ట్రాల్లో కేసు ఇన్సూరెన్స్ కంపెనీ మీద కాదు, ఇంటాయన పేరు మీదే వేయాలి. వెనక కంపెనీ ఉందని జ్యూరీకి చెప్పనివ్వరు కూడా. 2015లో కనెక్టికట్‌లో ఒకావిడ తన మేనల్లుడి వరసైన పిల్లాడి మీద 127,000 డాలర్లకు వేసిన దావా వార్తల్లోకెక్కింది. ఎనిమిదో పుట్టినరోజు నాడు వాడు ఎగిరి వచ్చి మెడకు వేలాడితే ఆవిడ కిందపడి మణికట్టు విరిగింది. లోకమంతా ఆవిణ్ని తిట్టిపోసింది. ఆ రాష్ట్రంలో నేరుగా కంపెనీ పేరు పెట్టే వీల్లేదని, ఆ డబ్బు ఇచ్చేది ఇంటి పాలసీయేనని లాయర్లు తర్వాత చెప్పుకోవాల్సొచ్చింది. జ్యూరీ మటుకు అరగంట కూడా తీసుకోకుండా పిల్లాడి తప్పేం లేదని తేల్చేసింది.

అందుకే కాగితం పంపే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. "అన్నా, ఇది నీ మీద కోపంతో కాదు, నీ పాలసీలో దీనికోసమే ఒక భాగం ఉంది, క్లెయిమ్ నంబర్ తెప్పించు చాలు" అని ముందే చెబితే సగం రభస తగ్గిపోతుంది. కోర్టు నోటీసు చూసి విషయం తెలుసుకున్న స్నేహితుడు మళ్లీ మొహం చూడడు, అందులో ఆయన్ని తప్పు పట్టలేం.

సమస్య: ఇంటివాళ్లు "ఇన్సూరెన్స్‌కు చెప్పొద్దు, బిల్లు నేనే కట్టేస్తా" అంటున్నారు.

ప్రీమియం పెరుగుతుందని భయం. పూర్తిగా తప్పు భయం కాదు, క్లెయిమ్ తర్వాత ప్రీమియం పెరగొచ్చు, పాలసీని మళ్లీ రెన్యూ చేయకపోనూ వచ్చు. కానీ ఆసుపత్రి నుంచి మొదట వచ్చే బిల్లు తోక మాత్రమే. సర్జన్ బిల్లు, మత్తు డాక్టర్ బిల్లు, రేడియాలజీ బిల్లు వేరువేరు కవర్లలో వస్తాయి. "అంతా కట్టేస్తా" అన్న పెద్దమనిషికి మూడో కవరు దగ్గర గొంతులో వెలక్కాయ పడుతుంది.

ఇంటివాళ్లకు తెలియాల్సినవి రెండు. ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి తెలియజేయడం పాలసీలోనే ఉన్న షరతు. ఆలస్యం చేస్తే కవరేజీ నిరాకరించే ప్రమాదం ఉంది. పైగా అప్పటికప్పుడు చేయించిన ప్రథమ చికిత్స తప్ప, తమంతట తాము ఒప్పుకున్న ఖర్చులు కంపెనీ తిరిగి ఇవ్వదు. ఈ రెండు భాగాలకూ మామూలుగా డిడక్టిబుల్ కూడా ఉండదు, అంటే క్లెయిమ్ పెట్టినందుకు ఇంటివాళ్లు ముందుగా కట్టాల్సింది ఏమీ లేదు. ఇవి నెమ్మదిగా వివరించండి. అప్పటికీ ససేమిరా అంటే లాయర్ ద్వారా లెటర్ పంపించడమే దారి.

సమస్య: "మా పాలసీదారు తప్పేం లేదు" అని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

ఇదే అన్నిటికంటే పెద్ద ముడి. ఒకరి ఇంట్లో పడినంత మాత్రాన లయబిలిటీ డబ్బు రాదు. ఇంటివాళ్లు చేయాల్సింది చేయలేదని చూపించాలి. ఆ "చేయాల్సింది" ఏమిటన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కాలిఫోర్నియాలో 1968 నాటి రోలండ్ వర్సెస్ క్రిస్టియన్ కేసు దీనికి మూలం. అతిథి బాత్‌రూమ్‌లో పింగాణీ కుళాయి పిడి తిప్పాడు, పగిలి ఉన్న ఆ పిడి చేతిని కోసేసింది, నరాలు తెగాయి. పిడి పగిలిందని ఆ ఇంట్లో అద్దెకుండే ఆవిడకు ముందే తెలుసు, ఇంటి ఓనర్లకు చెప్పింది కూడా. అతిథికి మాత్రం చెప్పలేదు. వచ్చినవాడు చుట్టమా, కస్టమరా అన్న తేడాతో పని లేదు, ఇంటివాళ్లు తగిన జాగ్రత్త తీసుకున్నారా అన్నదే చూడాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. న్యూయార్క్ 1976లో, ఇల్లినాయ్ 1984లో ఇంచుమించు ఇదే దారిలోకొచ్చాయి.

టెక్సస్‌లో, న్యూజెర్సీలో భోజనానికొచ్చిన అతిథిని చట్టం ఇంకా వేరే కోవలో పెడుతుంది. అక్కడ ముఖ్యమైన ప్రశ్న: ఆ ప్రమాదం ఉందని ఇంటివాళ్లకు నిజంగా తెలుసా, తెలిసీ కంటికి కనపడని దాని గురించి అతిథిని హెచ్చరించలేదా? జార్జియాలో ఇంకా కష్టం, కావాలనో బొత్తిగా లెక్కలేనితనంతోనో హాని చేశారని చూపాలి. టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్నవాళ్లు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగిన కేసు విని ఆశ పెట్టుకోవడం అందుకే దండగ.

దీనిమీద మీ తప్పు వాటా కూడా లెక్కేస్తారు. సాక్సులతో పరిగెత్తారా, ఫోన్ చూస్తూ దిగారా అని అడుగుతారు. నష్టం 30,000 డాలర్లు, మీ తప్పు 40 శాతం అని తేలితే కాలిఫోర్నియాలో 18,000 వస్తుంది. టెక్సస్‌లో మీ వాటా 50 శాతం దాటితే సున్నా, జార్జియాలో 50కి చేరితేనే సున్నా. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినాల్లో ఇంకా ఘోరం, మీ తప్పు కాస్త ఉందన్నా మొత్తం పోవచ్చు.

ఉత్తరం వచ్చిందని వదిలేయకండి. "ఆ రెయిలింగ్ వదులుగా ఉందిరా, బాగు చేయించాలి" అని ఇంటాయన అంతకుముందు ఎవరికైనా చెప్పి ఉంటే, టెక్సస్‌లో కేసుకు అదే ప్రాణం. ఆ మాట విన్నవాళ్లెవరో కనుక్కోండి. లయబిలిటీ కాదన్నా మెడ్ పే ఉంటుంది, దాన్ని విడిగా అడగండి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

సమస్య: ఇండియా నుంచి వచ్చిన అమ్మ మా ఇంట్లోనే పడింది. మా హోమ్ ఇన్సూరెన్స్ ఇస్తుందా?

పాలసీ లెక్కలో ఇంట్లో నివసించే బంధువులు అతిథులు కారు, పాలసీదారులతో సమానం. తన సొంత మనుషులకు తగిలిన దెబ్బకు లయబిలిటీ వర్తించదు, మెడ్ పే కూడా అక్కడ నివాసం ఉండేవాళ్లకు రాదు. మూడు నెలలకు విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ అక్కడ నివాసం ఉన్నట్టా, చుట్టపుచూపుగా వచ్చినట్టా? తిరుగు టికెట్టు, ఇండియాలో సొంతిల్లు ఇవన్నీ చూపి అతిథి అని వాదించొచ్చు, కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఇలాంటి వాటికి లాయర్‌తో ఒక్కసారి మాట్లాడటం మంచిది. "పక్కింట్లో పడిందని చెబుదాం" అని సలహా ఇచ్చే మహానుభావులుంటారు. అది ఇన్సూరెన్స్ మోసం, నేరం.

అందుకే పెద్దవాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు చౌకగా ఉందని ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ తీసుకోవద్దంటాను. అవి ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే కట్టేసిన మొత్తమే ఇస్తాయి, ఆసుపత్రి బిల్లు ముందు అది ఏ మూలకూ రాదు. అసలు బిల్లును బట్టి డబ్బు ఇచ్చే కాంప్రహెన్సివ్ ప్లాన్ ప్రీమియం ఎక్కువే, కానీ తుంటి ఎముక విరిగిన రోజున తేడా తెలుస్తుంది.

సమస్య: పడింది అపార్ట్‌మెంట్ మెట్ల మీద, లేదా కుక్క కరిచింది.

ఉమ్మడి మెట్లు, పార్కింగ్ లాట్, లిఫ్ట్ అయితే బాధ్యత ఎక్కువగా బిల్డింగ్ యాజమాన్యానిది. ఫ్లాట్ లోపల అయితే స్నేహితుడికి రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉందేమో అడగండి, అందులోనూ ఇవే రెండు భాగాలు ఉంటాయి. కుక్క కాటుకు కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో కుక్క అంతకుముందు ఎవరినీ కరవలేదన్న వాదన పనికిరాదు, టెక్సస్‌లో పనికొస్తుంది. కొన్ని పాలసీలు కొన్ని జాతుల కుక్కల్ని మినహాయిస్తాయి కూడా.

సమస్య: అడ్జస్టర్ (క్లెయిమ్‌ను పరిశీలించే ఇన్సూరెన్స్ ఉద్యోగి) చాలా మర్యాదగా ఫోన్ చేసి మాట రికార్డు చేస్తానంటున్నాడు. చెక్కు కూడా పంపుతానంటున్నాడు.

ఆయన ఇంటివాళ్ల కంపెనీ మనిషి, మీ మనిషి కాదు. దెబ్బ పెద్దదైతే లాయర్‌తో మాట్లాడకుండా రికార్డింగ్‌కు ఒప్పుకోకండి. "ఇప్పుడెలా ఉన్నారు?" అంటే మనం అలవాటుగా "బాగానే ఉన్నామండీ" అంటాం. అది కూడా రికార్డులో ఉంటుంది.

చెక్కుతో పాటు రిలీజ్ అనే కాగితం వస్తే, సంతకం పెట్టాక ఆ ప్రమాదం గురించి ఇక ఏమీ అడగలేరు. చికిత్స ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగండి. వచ్చిన డబ్బులో మీ హెల్త్ ఇన్సూరెన్స్, మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తాము కట్టిన మొత్తాన్ని తిరిగి అడిగే హక్కు ఉంటుంది, అది తీసేశాక మిగిలేదెంతో చూసుకుని సంతకం పెట్టండి. ఈ కేసుల్లో లాయర్లు ముందు ఫీజు తీసుకోరు, వచ్చినదాంట్లో మూడో వంతు మామూలు, కోర్టుకెక్కితే 40 శాతం దాకా ఉంటుంది. చిన్న మొత్తానికి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు చాలు: కాలిఫోర్నియాలో 12,500 డాలర్ల దాకా, టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 దాకా.

సమస్య: "మాట్లాడుకుంటున్నాం కదా" అనుకుంటుండగా గడువు దాటిపోయింది.

కంపెనీతో ఈమెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన గడియారం ఆగదు. దావా వేయడానికి కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీ, జార్జియా, ఇల్లినాయ్, వర్జీనియాల్లో రెండేళ్లు. న్యూయార్క్, వాషింగ్టన్, నార్త్ కరోలినా, మేరీల్యాండ్‌లలో మూడేళ్లు. ఫ్లోరిడాలో నాలుగేళ్లు ఉండేది, 2023 మార్చి నుంచి రెండేళ్లకు తగ్గించారు. దాటాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకూ దావా వేసే హక్కు ఉంది, కేసు కోసం అమెరికాలోనే ఉండిపోనక్కర్లేదు. వాంగ్మూలం చాలాసార్లు వీడియోలో ఇవ్వొచ్చు. విమానం ఎక్కే ముందు మాత్రం ఎక్స్‌రేల సీడీ, డిశ్చార్జ్ సమ్మరీ, వివరంగా ఉన్న బిల్లులు ఆసుపత్రి నుంచి తీసుకోండి. దెబ్బ తగిలింది అమ్మకైతే, రికార్డులు ఇక్కడున్న కొడుక్కో కూతురికో ఇచ్చేలా అనుమతి పత్రం మీద ఆవిడ సంతకం అక్కడే పెట్టించండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఫిజియోథెరపీ కొనసాగితే ఆ రసీదులు కూడా తారీఖుల వారీగా దాచి ఉంచండి, క్లెయిమ్‌లో అవీ కలుపుతారు.