ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ రీడింగ్‌లు కుదరకపోతే: నా అనుభవం

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ముందు నన్ను ఏడిపించింది సాల్ట్ ఎనాలిసిస్ కాదు, పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే ఊదారంగు పర్మాంగనేట్ ద్రావణాన్ని ఫ్లాస్క్‌లోని ద్రావణంలో చుక్కచుక్కగా పోస్తూ, చర్య పూర్తవడానికి ఎంత పట్టిందో కొలవడం. ఒకసారి వచ్చిన రీడింగ్ మళ్లీ వచ్చేది కాదు. ఫార్ములా అంతా నోటికొచ్చు, కానీ రీడింగే తేడా అయితే లెక్క కరెక్టుగా చేసి ఏం లాభం!

చివరికి బ్యూరెట్‌ను (ద్రావణం పోసే, కొలత గీతలున్న కొళాయి గొట్టం) కళ్లకు దగ్గరగా పెట్టి చూస్తే విషయం తెలిసింది. కొళాయి కింద సన్నటి మొనలో చిన్న గాలి బుడగ. టైట్రేషన్ మధ్యలో అది జారిపోతే ఆ మేరకు రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అప్పటి నుంచి ముందు కొళాయి పూర్తిగా తిప్పి కొంచెం ద్రావణం వదిలేసి, బుడగ పోయాకే మొదలుపెట్టేదాన్ని. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి గొట్టంలో ద్రావణం ఉపరితలపు అడుగు వంపు కనపడదు, పై అంచు దగ్గరే చదవాలి, అదీ మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా.

ఫ్లాస్క్‌లోకి ఆక్సాలిక్ ఆమ్లం ఇస్తే దాన్ని 60-70 డిగ్రీలకు వేడి చేయాలి. చల్లగా ఉంటే మొదటి చుక్కల రంగు ఎంతకీ పోదు, టెన్షన్ పడి ఇంకా పోసేస్తాం. దాని బదులు మోర్ లవణం (ఫెర్రస్ రూపంలో ఇనుము ఉన్న లవణం) ఇస్తే మాత్రం వేడి వద్దు, అందులోని ఫెర్రస్ గాలికి ఆక్సీకరణం అయిపోతుంది. ఫ్లాస్క్‌లో గోధుమరంగు మడ్డి కనిపించిందా, ఫ్లాస్క్‌లో కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలలేదన్నమాట, అది పారబోసి మళ్లీ చేయడమే.

లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలు, టైట్రేషన్ అయిపోయినట్టే, ముదురు రంగు దాకా ఆగొద్దు. ఫ్లాస్క్ కింద తెల్లకాగితం పెట్టుకోండి, ల్యాబ్‌లో వెలుతురు ఎలాగూ అంతంతమాత్రమే.