చలికి ముందే పిల్లల ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి

దీపావళి పొగ తగ్గీ తగ్గకముందే చలి మొదలవుతుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాటేదాకా, పిల్లికూతలొచ్చే పిల్లలున్న ఇంట్లో రాత్రిళ్లు టెన్షనే. మా చిన్నవాడికి రెండో ఏడు నడుస్తున్నప్పుడు మొదటిసారి వచ్చింది. జలుబేలే అనుకుని పడుకోబెట్టాం. రెండో రాత్రి చొక్కా పైకి లాగి చూస్తే, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. మా అత్తయ్య చూడగానే "డొక్కలెగరేస్తున్నాడే, లే, ఆస్పత్రికి పోదాం" అన్నారు. ఆవిడ లేకపోతే తెల్లారేదాకా ఆగేవాళ్లమేమో.

అందుకే ముందుగా ఇది నేర్చుకోండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడో బట్ట పైకి తీసి, ఫోన్‌లో టైమర్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. అర నిమిషం చూసి రెట్టింపు చేయొద్దు, చంటిపిల్లల ఊపిరి ఒక్క తీరున ఉండదు. రెండు నెలలు నిండని పిల్లలకు 60, అక్కడి నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. డొక్కలెగరేస్తుంటే లెక్కతో పనిలేదు, వెంటనే బయల్దేరాలి. ఒంట్లో బాగున్న రోజునే రెండుమూడుసార్లు లెక్కపెట్టి చూస్తే, తేడా వచ్చిన రాత్రి చెయ్యి వణకదు.

పిల్లికూతలన్నీ నిమ్ము (న్యుమోనియా) కాదు. చిన్నపిల్లల్లో ఎక్కువసార్లు వైరస్ వల్లే వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పోయినసారి మిగిలిన సీసా తీసి పోయకండి. న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా వల్ల నిమ్ము చేస్తే మాత్రం యాంటీబయాటిక్ తప్పదు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వేయాలి. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు.

టీకాల కార్డు ఇప్పుడే తీసి చూడండి. న్యుమోకాకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు; నిమ్ము తెచ్చే మరో బ్యాక్టీరియా హిబ్‌కు టీకా కూడా కలిసి ఉండే పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. రెండూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏటేటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి.

ఇక పొగ. స్నానం చేయించి సాంబ్రాణి వేయడం మనకెంత ఇష్టమో తెలుసు, మా ఇంట్లోనూ వేసేవాళ్లం. కానీ ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మెత్తటి తువ్వాలుతో తల తుడిస్తే చాలు. దోమల చుట్ట మానేసి దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరూ సిగరెట్, బీడీ కాల్చకూడదు. పండక్కి బూజు దులిపే రోజు బిడ్డను పక్కింట్లో ఉంచండి, భోగిమంటకు దూరంగా ఉంచండి. ముక్కులో నూనె చుక్కలు వేయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే అదో నిమ్ము. పొట్ట మీద వాతలు పెట్టిస్తామని ఎవరైనా అంటే గట్టిగా ఆపండి.

డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడకండి. మందు కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. బాగా కుదిపి, స్పేసర్‌కి (ఇన్‌హేలర్‌కీ మాస్కుకీ మధ్య ఉండే గొట్టం) పెట్టి, మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనించి ఒక్కసారి నొక్కాలి. ఐదారు ఊపిర్లు తీసేదాకా తియ్యొద్దు. రెండో పఫ్ ఉంటే మళ్లీ కుదపాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే మందు దాని గోడలకే అంటుకుంటుంది. ఇన్‌హేలర్‌లో మందెంత మిగిలిందో చలి ముదరకముందే చూసుకోండి.

పెదవులు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా, మాటకు ఊపిరి అందకపోయినా, లేపినా మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేసి, టీకాల కార్డు, పాత చీటీలు, స్పేసర్ ఒకే సంచిలో పెట్టుకుని బయల్దేరండి. మా ఇంట్లో ఆ సంచి కార్తీకం నుంచే తలుపు పక్క కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.