అనంతపురంలో ఉంటూనే సమకాలీన కళాకారుడు కావడం ఎలా?

బొమ్మలు గీయడం వచ్చా? అయితే ఈ వ్యాసం మీకు అంతగా పనికిరాదు. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కోసం మేకతోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టి, చిల్లులు కొట్టి, రంగులేసి, దీపం ముందు పెడితే రావణాసురుడు కళ్ళెర్రజేసేలా చేసేవాళ్ళున్నారు. వాళ్ళలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా పెద్ద ఊళ్ళలోని తెల్లగోడల గ్యాలరీలు ఆ పనిని ‘హస్తకళ’ అనే అరలోనే పెడతాయి. పక్క గదిలో ‘సమకాలీన కళ’ ఉంటుంది. తేడా ఏమిటంటే, మొదటిదాన్ని చూస్తే అర్థమవుతుంది.

నేను కళాకారుణ్ణి కాను. మా చిన్నాయన కొడుకు బెంగళూరులో రెండేళ్ళుండి, గడ్డంతో తిరిగొచ్చి, అనంతపురంలో ఒక షో పెట్టాడు. సామాను మోసింది, గోడకు సున్నం కొట్టించింది, చీటీలు అంటించింది నేనే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

1. వస్తువు వెతుక్కోండి. చేయకండి, వెతుక్కోండి

ఈ దారి వేసినాయన ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డుషాంప్. 1917లో న్యూయార్కులో ఒక మూత్రశాల తొట్టిని కొని, వెల్లకిలా పడుకోబెట్టి, ‘ఆర్. మట్’ అని దొంగ సంతకం పెట్టి, ‘ఫౌంటెన్’ అనే పేరుతో ప్రదర్శనకు పంపాడు. ఆరు డాలర్లు కట్టినవాళ్ళు ఏం పంపినా పెడతామన్న సంఘం దాన్ని మాత్రం పెట్టలేదు. ఏది కళో చెప్పడానికి మీరెవరు అని ఆయన అడిగిన తీరు పదునైనది, ఇప్పటికీ నాకు నచ్చుతుంది. ఆ అసలు తొట్టి ఎక్కడో పోయింది. 1964లో దానికి ఎనిమిది నకళ్ళు చేయించారు. ఎవరైనా వెళ్ళి ఏదైనా పంపొచ్చని మొదలైన వేళాకోళం ఇప్పుడు మ్యూజియంలో కాపలాదారు పక్కన ఉంటోంది, ముట్టుకోనివ్వరు.

మావాడు మొదట అరటిపండు అనుకున్నాడు. 2019 డిసెంబరులో మయామీ కళాసంతలో మౌరిజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడు ఒక అరటిపండును బూడిదరంగు టేపుతో గోడకు అంటించి లక్షా ఇరవై వేల డాలర్ల ధర పెట్టాడు. ఆ సంతలోనే ఇంకో కళాకారుడు దాన్ని వొలుచుకొని తినేశాడు. ఏమీ కాలేదు, ఇంకో పండు అంటించారు. ఎందుకంటే అమ్మేది పండు కాదు, దానితో వచ్చే ధ్రువపత్రం. 2024 నవంబరులో న్యూయార్కు వేలంలో అదే కృతి 62 లక్షల డాలర్లకు, అంటే సుమారు 52 కోట్ల రూపాయలకు పోయింది. ఆ రోజు గోడకెక్కిన పండును వేలం హాలు దగ్గరి తోపుడుబండి మీద 35 సెంట్లకు కొన్నారట.

ఈ సంగతి యల్లనూరు దగ్గర రెండెకరాల్లో అరటి పెట్టిన మా మామకు చెప్పాను. ధర పడిపోయిన ఏడాది గెలలు కొట్టే కూలి కూడా రాక తోటలోనే వదిలేసిన మనిషాయన. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగినాడు: “ఆ టేపు ఏ కంపెనీదిరా?”

అందుకే అరటి వద్దు. పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు అరటిపండును చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అదే మామ దొడ్లో మూడు ఫెయిలైన బోర్లనుంచి పీకిన కేసింగు పైపులు పడున్నాయి. ఏడించీలవి, పదడుగుల ముక్కలు. మావాడు వాటిలో ఒకదాన్ని చూసి, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చట్రంలా పట్టుకొని, “అన్నా, ఇది మాట్లాడుతోంది” అన్నాడు. నాకేమీ వినబడలేదు. మోసుకొచ్చాను.

2. పేరు పెట్టండి

‘శీర్షిక లేదు’ అనేది అన్నిటికంటే గౌరవమైన పేరు. అది పాతబడిందనుకుంటే ఒకే మాట, పక్కన ఒక అంకె. మావాడు ‘లేమి – 3’ అని పెట్టాడు. ఒకటీ రెండూ లేవు. ఎవరైనా అడిగితే “అవి బయట ఉన్నాయి” అనాలి. అబద్ధం కూడా కాదు, మామ దొడ్లో ఉన్నాయి.

3. చీటీ రాయండి

అసలు పని ఇదే. కృతికి అరగంట పెట్టండి, చీటీకి వారం పెట్టండి. ‘లేమి – 3’ పక్కన గోడమీద అంటించిన చీటీ తెలుగులో ఇలా ఉంటుంది:

“‘లేమి – 3’ భూగర్భపు జ్ఞాపకానికీ దేహపు దాహానికీ నడుమ సందిగ్ధంగా నిలిచిన స్థలాన్ని ప్రశ్నిస్తూ, ప్రేక్షకుణ్ణి తన శూన్యంతో తానే సంభాషించమని ఆహ్వానిస్తుంది.”

కొన్ని సూత్రాలు గమనించండి. కృతి ఎప్పుడూ దేన్నీ చూపించకూడదు. ప్రశ్నించాలి, నిలదీయాలి, సంభాషించాలి, తవ్వాలి. ‘స్థలం’, ‘దేహం’, ‘జ్ఞాపకం’, ‘శూన్యం’ అనే నాలుగింట్లో కనీసం మూడు పడాలి. ‘నడుమ’ తప్పనిసరి, ఏదో ఒకదానికీ ఇంకోదానికీ నడుమ. రాశాక మీ అవ్వకు చదివి వినిపించండి. ఆమెకు అర్థమైతే మళ్ళీ రాయండి.

మామ దీన్ని రెండుసార్లు చదివించుకొని, “అంటే బోరు ఫెయిలయింది, అంతే గదా?” అన్నాడు. మావాడి ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రమే చీటీని ఇంగ్లీషులోకి మార్చాడు.

4. క్యూరేటర్‌ను పట్టుకోండి

బోరు వేయించేముందు టెంకాయ పట్టే ఆయన్ని పిలుస్తారు కదా. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని గట్ల వెంబడి నడుస్తాడు. ఒకచోట టెంకాయ నిటారుగా లేస్తుంది. “ఈడ వెయ్యండప్పా, రెండించీల నీళ్ళు” అంటాడు. నీళ్ళు పడితే ఆయన గొప్ప, పడకపోతే మన రాత. ఫీజు మాత్రం రెండింటికీ ఒకటే, అదీ ముందే ఇవ్వాలి. కళాలోకంలో, ఏ కృతి ఎక్కడుండాలో చెప్పే ఈయన్ని క్యూరేటర్ అంటారు. నల్లచొక్కా వేసుకొని గదిలో నడుస్తాడు, ఒకచోట ఆగుతాడు, తల పక్కకు వంచుతాడు. అక్కడ నీళ్ళున్నట్టు.

పనిమంతులు లేరని కాదు. 2012లో కొచ్చిలో మొదలైన బినాలేకు, అంటే రెండేళ్ళకోసారి పెట్టే పెద్ద కళాప్రదర్శనకు, కళాకారులనే క్యూరేటర్లుగా పెట్టుకుంటూ వచ్చారు. ఆ పాత గోదాముల్లో తిరిగితే, ఒక వస్తువును ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి అంటే ఏమిటో తెలుస్తుంది. మాకు దొరికినాయన ఆ రకం కాదు. వచ్చీ రాగానే పైపును ఆరంగుళాలు ఎడమకు జరిపించాడు. కాఫీ తాగాడు. మళ్ళీ ఆరంగుళాలు కుడికి జరిపించాడు. “ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది” అన్నాడు. జరిపింది నేనే కాబట్టి ఊపిరి ఎవరు తీసుకుంటున్నారో నాకు తెలుసు.

5. ధర, పత్రం, బొట్టు

మామూలు బొమ్మలకు చదరపు అంగుళం లెక్కన ధర కట్టే అలవాటుంది, చొక్కాగుడ్డ మీటరుకు కట్టినట్టు. గ్యాలరీ వాళ్ళు అందులో సగం వరకు తీసుకుంటారు. పైపుకు ఆ లెక్క కుదరదు. తక్కువ పెడితే పైపు అనుకుంటారు, ఎక్కువ పెడితే కళ అనుకుంటారు. మావాడు చీటీ కింద రెండు లక్షల నలభై వేలని రాశాడు. అది చూసి మామ నన్ను పక్కకు పిలిచి, “మూడు బోర్లకు నాకైన అప్పు ఎంతో వీనికెట్ల తెలిసెరా?” అన్నాడు. ఎట్లా తెలిసిందో నాకూ తెలియదు.

ధ్రువపత్రం మంచి మందమైన కాగితం మీద ఉండాలి. వస్తువు లేకపోయినా ఫర్వాలేదు, పత్రం ఉండాలి. 2021లో ఇటలీలో సాల్వతోరే గరావు అనే కళాకారుడు కంటికి కనబడని శిల్పాన్ని 15 వేల యూరోలకు అమ్మాడు. కొన్నాయనకు చేతికొచ్చింది కాగితమే. అదే ఏడాది డెన్మార్కులో ఒక మ్యూజియం తన డబ్బు, ఐదు లక్షల పైచిలుకు క్రోనర్ల నోట్లు, యెన్స్ హానింగ్ అనే కళాకారుడికి అప్పుగా ఇచ్చింది. ఆ నోట్లను అంటించి పాత కృతులు రెండు మళ్ళీ చేసిమ్మని అడిగింది. ఆయన రెండు ఖాళీ కాన్వాసులు పంపి, ‘డబ్బు తీసుకొని పరుగెత్తు’ అని పేరు పెట్టాడు. మ్యూజియం వాటినీ గోడకెక్కించింది, తర్వాత కోర్టుకూ వెళ్ళింది. 2023లో డబ్బులో చాలా భాగం వెనక్కి కట్టమని తీర్పొచ్చింది. నిజాయితీగా పేరు పెట్టినందుకైనా కొంత తగ్గించాల్సింది.

వీళ్ళందరికంటే ముందే ఫ్రాన్సులో ఈవ్ క్లైన్ అనే కళాకారుడు శూన్యాన్ని బంగారానికి అమ్మేవాడు. కొన్నవాళ్ళు రసీదు కాల్చేస్తే, ఆయన ఆ బంగారంలో సగాన్ని సెయిన్ నదిలో వేసేవాడు. మన దగ్గర ఇది చేయకండి. తాడిపత్రి దగ్గర పెన్నలో వేస్తే ఇసుక మీద కనబడుతూనే ఉంటుంది. తొలకరి వానకే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలకోసం నేల చూసుకుంటూ తిరిగే జనం మనది, బంగారాన్ని వదులుతారా?

అమ్ముడుపోయిన కృతి పక్కన గ్యాలరీల్లో చిన్న ఎర్రచుక్క అంటిస్తారు. అవి విడిగా కొనాల్సిన పనిలేదు. మావాడు మా వదిన బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి, ఎవరూ కొనకముందే పైపు పక్కన ఒకటి అంటించాడు. ఒకటి పోతే రెండోది పోతుందట. షో చూడ్డానికొచ్చిన మా పిన్ని దాన్ని గోరుతో పీకేసి, “ఎవరో స్నానం చేసి మర్చిపోయినట్టుండారు” అంది. నిజమే, ఆ లెక్కన మన ఇళ్ళల్లో అద్దాలన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి.

6. ప్రారంభోత్సవం

పెద్ద ఊళ్ళలో వైన్ ఇస్తారు. మేము ఉగ్గాని, బజ్జీ పెట్టాం. జనం బాగా వచ్చారు. పైపుకు వీపు పెట్టి నిలబడి తిన్నారు.

ఊడ్చేవాళ్ళకు మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి. 2015లో ఇటలీలోని బొల్జానో మ్యూజియంలో ఖాళీ సీసాలు, సిగరెట్ పీకలు, రంగుకాగితాల ముక్కలు పరిచిన కృతి ఒకటుండేది. రాత్రి పార్టీ మిగిల్చిన చెత్త అనుకొని ఊడ్చేవాళ్ళు సంచుల్లోకి ఎత్తేశారు. ఇలాంటిది లండన్లోనూ జరిగింది. మా దగ్గర తిరగబడింది. హాలు ఊడ్చే అక్క పైపును తాకలేదు కానీ, దానిచుట్టూ జనం పారేసిన ఉగ్గాని కాగితం ప్లేట్లను కూడా తాకలేదు. అడిగితే, “అవి గూడా దాంట్లోవే అనుకుంటిని సార్” అంది. మావాడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఆలోచన నేను చూశాను.

7. అడిగేవాళ్ళతో జాగ్రత్త

“దీని అర్థమేంటి?” అంటే, “మీకేమనిపిస్తోంది?” అనండి. “నాకేమీ అనిపించలేదు” అంటే, “అదే” అనండి. నూటికి తొంభైమంది అక్కడితో వెళ్ళిపోతారు.

“పని సగంలో ఆపినట్టుందే?” అంటే లేపాక్షి పేరు చెప్పకండి. మావాడు చెప్పాడు. అక్కడి కల్యాణమండపం కూడా అసంపూర్ణమే కదా అన్నాడు. ఎదురుగా ఉన్నది రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, లేపాక్షిలో నేలను తాకని స్తంభం కిందనుంచి కండువా లాగి చూసింది మొదలు, లతామండపం స్తంభాల మీది డిజైన్లు చీరల అంచుల్లోకి దిగిన సంగతి దాకా నలభై నిమిషాలు చెప్పాడు. కప్పు మీద బొమ్మలు వేసిన ఒక్కడి పేరూ మనకు తెలియదన్నాడు. చివరికి, “వాళ్ళు ఆపేసింది వేరే నాయనా, నువ్వింకా మొదలుపెట్టలేదు” అని, రెండు బజ్జీలు కాగితంలో చుట్టుకొని వెళ్ళిపోయాడు.

8. షో ముగించడం

దీనికి పెద్దగా చేయాల్సిందేమీ ఉండదు. మాకు మూడోరోజే ముగిసింది. మామ నాలుగో బోరు వేయడానికి అప్పు పుట్టించుకున్నాడు. తిరుచెంగోడు బోరులారీ ఊరి బయటకొచ్చి నిలబడింది, కేసింగు కావాలి. మామ ఆటో తీసుకొచ్చి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, పైపును భుజానికెత్తుకొని వెళ్ళిపోయాడు. తడి రంగు మీద నిలవక చీటీ గోడనుంచి ఊడుతోందని ముందురోజే నేను దాన్ని పైపుకే అంటించి ఉన్నాను. అది అలాగే పోయింది.

పొలం దగ్గర లారీ మేస్త్రీ ఆ ఇంగ్లీషు చీటీని కింద అంకె దాకా చదివాడట. అడుగుకు ముందు మాట్లాడుకున్న రేటు కుదరదన్నాడు. “రెండు లక్షల నలభై వేల కేసింగు వేసే రైతువి, మాకు అడుక్కు ఇంకో పదిరూపాయలు ఇస్తే ఏం పోయింది?” అని కూర్చున్నాడు. మామ అక్కణ్ణుంచే ఫోను చేశాడు. మావాణ్ణి వెంటనే రమ్మన్నాడు, అది కళ అని లారీ వాళ్ళకు కాస్త అర్థమయ్యేట్టు చెప్పడానికి.