ట్రాకులు కాదు, మైకులు లెక్కపెట్టండి: ఇంటి రికార్డింగుకి మల్టీట్రాక్ రికార్డర్ ఎంచుకోవడం

కాకినాడలో మా ఇంటి ముందుగదే నా సంగీతం బడి. సాయంత్రంపూట పిల్లలకి వీణ, గాత్రం చెబుతాను. మావారు మృదంగం వాయిస్తారు. పిల్లలు ఇంటికెళ్ళి సాధన చేసుకోడానికి ఫోన్లో రికార్డు చేసి పంపేదాన్ని. ఫోన్లో ఏమవుతుందంటే, మృదంగం గదంతా నిండిపోయి వీణ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు వినపడుతుంది. "టీచర్‌గారూ, గమకం ఎక్కడొస్తోందో తెలియట్లేదండీ" అని ఒక పిల్ల తల్లి ఫోన్ చేసిన రోజున, ఇక ఒక్కో మైకునీ విడివిడిగా రికార్డు చేసే మల్టీట్రాక్ రికార్డర్ కొనాల్సిందే అనుకున్నాం.

మా అబ్బాయి "లాప్‌టాప్ ఉందిగా అమ్మా, దానికో ఇంటర్‌ఫేస్ కొనుక్కుంటే చాలు" అన్నాడు. ఇంటర్‌ఫేస్ అంటే మైకుల్ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె. వాడన్నదీ నిజమే. ముక్కలు కోసి అతికించే పని ఎక్కువ ఉన్నవాళ్ళకి అదే మంచిది. నాకు మాత్రం వీణ ఒళ్ళో ఉన్నాక మౌస్ పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పైగా లాప్‌టాప్ ఫ్యాను రొద, మధ్యలో అప్‌డేట్ల గోల. ఎర్ర బటన్ నొక్కితే రికార్డవ్వాలి, ఇంకోటి నొక్కితే ఆగాలి. అలాంటివాళ్ళ కోసమే ఈ రాత.

మొదటి మిషన్ కొన్నప్పుడు నేను దెబ్బతిన్నాను. అట్టపెట్టె మీద "8 ట్రాకులు" అని ఉంటే ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చనుకున్నాను. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూస్తే మైకు పెట్టే రంధ్రాలు రెండే! తప్పు మిషన్‌ది కాదు, చదవడం రాని నాది. ట్రాకుల సంఖ్య అంటే విడివిడిగా రికార్డు చేసి చివర్లో కలిపి వినగలిగే పొరలు. ఒకేసారి ఎన్నిటిలోకి రికార్డవుతుందన్నది వేరే లెక్క, అది లోపల చిన్న అక్షరాల్లో ఉంటుంది. టాస్కామ్, జూమ్ అనేవి ఈ మిషన్లు చేసే కంపెనీలు. టాస్కామ్ డీపీ-008ఈఎక్స్, డీపీ-03ఎస్‌డీ, జూమ్ ఆర్8, ఈ మూడూ ఎనిమిది ట్రాకులవే, కానీ ఒకేసారి రెండే. జూమ్ ఆర్16లో పదహారు ట్రాకులు, ఒకేసారి ఎనిమిది. టాస్కామ్ డీపీ-24ఎస్‌డీకి ఇరవై నాలుగు, డీపీ-32ఎస్‌డీకి ముప్ఫై రెండు ట్రాకులున్నా ఒకేసారి రికార్డయ్యేవి రెండిట్లోనూ ఎనిమిదే. కాబట్టి ఇరవై నాలుగా ముప్ఫై రెండా అని తలబద్దలు కొట్టుకోకండి. మన ఇళ్ళలో ఇరవై నాలుగు ట్రాకులు నింపేంత జనం ఎక్కడున్నారు?

మరి ఒకేసారి ఎన్ని కావాలి? ఒక్కరే పాడుకుని, తర్వాత తామే గిటారో కీబోర్డో కలుపుకునేవాళ్ళకి రెండు బ్రహ్మాండంగా సరిపోతాయి. డబ్బు మిగుల్చుకోండి. కీబోర్డు స్టీరియోలో కావాలంటే అదొక్కటే రెండూ తినేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. మా ఇంట్లో లెక్క ఇది: గాత్రానికి ఒకటి, వీణకి ఒకటి, మృదంగానికి అటోటి ఇటోటి రెండు. మొత్తం నాలుగు.

రెండు మైకుల మిషన్‌తోనే ఏడాది లాగాం. ముందు నేను వీణ వాయించేసి, అది హెడ్‌ఫోన్లో వింటూ మావారు మృదంగం వాయించేవారు. తాళం ఎక్కడా తప్పలేదు. అయినా ఏదో లోటు. నేను అనుపల్లవిలో ఒక సంగతి కొంచెం సాగదీస్తే ఆయన మామూలుగా నావైపు చూసి దానికి తగ్గట్టు ముక్తాయింపు కడతారు. రికార్డయిపోయిన వీణని ఏం చూస్తారు? "గోడతో కచేరీ చేస్తున్నట్టుంది" అనేవారు. సినిమా పాట పద్ధతిలో పొర మీద పొర వేసేవాళ్ళకి ఈ బాధ ఉండదు. ఎదురెదురుగా కూర్చుని అప్పటికప్పుడు మనోధర్మంతో వాయించేవాళ్ళు మాత్రం, ఎంతమంది కూర్చుంటారో అన్ని మైకులు ఒకేసారి పట్టే మిషనే చూసుకోవాలి.

దానికో ఖరీదుంది. అందరి మైకుల్లోకీ అందరి చప్పుడూ పడుతుంది. విడిగా వాయించినప్పుడైతే తప్పొచ్చిన చోట పంచ్-ఇన్ చేసుకోవచ్చు. అంటే ఆ రెండు ఆవర్తాలు మాత్రమే మళ్ళీ వాయించి పాతదాని మీద అతికించడం. కలిసి వాయించినప్పుడు అది కుదరదు. మా రికార్డింగు ఒకదాన్లో రెండో చరణంలో మా అత్తగారి దగ్గుంది. నాలుగు మైకుల్లోకీ ఎక్కేసింది, ఇప్పుడు ఎటూ తీయలేం. పంచ్-ఇన్ వాడదలిస్తే ఫుట్‌స్విచ్, అంటే కాలితో నొక్కే బటన్, పెట్టే రంధ్రం ఉందో లేదో చూడండి. చేతిలో వాద్యం ఉన్నవాళ్ళకి అది లేకపోతే నరకం.

ఇక అసలు సంగతి, ఎవరూ చెప్పనిది. మీ ఇంట్లో అన్నిటికంటే మెల్లగా మోగే వాద్యం ఏదో దాన్ని బట్టి కొనండి. నాది బొబ్బిలి పనసకర్ర వీణ. నాదం ఎంత బాగున్నా గట్టిగా మోగదు. స్టేజీల మీద వాడే మామూలు డైనమిక్ మైకు జానెడు దూరంలో పెట్టినా గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మర, దాదాపు చివరిదాకా తిప్పాల్సొస్తుంది. గెయిన్ పెంచేకొద్దీ మిషన్ లోపల మైకు శబ్దాన్ని పెద్దది చేసే ప్రీయాంప్ సొంత చప్పుడు కూడా పెరుగుతుంది, పాము బుసకొట్టినట్టు సన్నగా "స్స్స్" అని. డోలక్ వాళ్ళకి, ఎలక్ట్రిక్ గిటారు వాళ్ళకి అది వినపడనే వినపడదు. నేను మంద్రంలో ఒక్క మీటు మీటి నాదం ఆరిపోయేదాకా వదిలేసే చోట మాత్రం, తీగ ఎక్కడ ఆగిందో బుస ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

దీన్ని కొనేముందే పరీక్షించొచ్చు. మీ మైకు, మీ వాద్యం తీసుకెళ్ళండి. ఫ్యాను ఆపించండి. వాద్యానికి ఎంత గెయిన్ కావాలో అంతా పెట్టి ఒక నిమిషం వాయించండి. తర్వాత గెయిన్ ముట్టుకోకుండా మైకుని మందపాటి దుప్పట్లో చుట్టి ముప్ఫై సెకన్లు ఊరికే రికార్డు చేయండి. రెండూ హెడ్‌ఫోన్లో వినండి. దుప్పట్లోనూ బుస గట్టిగా వినపడితే అది చాలావరకు మిషన్‌దే, గదిది కాదు. ఆ మిషన్ మీకు పనికిరాదు.

మెల్లటి శబ్దాన్నీ బాగా పట్టే కండెన్సర్ మైకు వాడితే గెయిన్ అంత పెంచక్కర్లేదు, బుసా తగ్గుతుంది. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే మిషన్ పంపే కరెంటు, కావాలి. "ఫాంటమ్ ఉంది" అన్న ఒక్క మాట నమ్మి ఊరుకోకండి, ఏయే ఇన్‌పుట్లకి, అంటే మైకు రంధ్రాలకి, ఉందో అడగండి. జూమ్ ఆర్16లో ఎనిమిది ఇన్‌పుట్లున్నా ఫాంటమ్ 5, 6 నంబర్లకే వస్తుంది. మూడు కండెన్సర్లున్నవాళ్ళు అక్కడ ఇరుక్కుంటారు. అలాగే వీణకో గిటారుకో అంటించే కాంటాక్ట్ మైకుని హై-జెడ్ అని రాసి ఉన్న ఇన్‌పుట్లోనే పెట్టాలి. మామూలుదాన్లో పెడితే శబ్దం రేకుడబ్బాలా పల్చబడిపోతుంది. ఆర్16లో అది మొదటి ఇన్‌పుట్‌కి మాత్రమే ఉంది.

కొత్త మిషన్లలో జూమ్ ఆర్4 లాంటివి 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి. గెయిన్ తప్పు పెట్టినా, గట్టి దెబ్బకి శబ్దం పగిలిపోకుండా తర్వాత సరిచేసుకోవచ్చు. ఒక్కరే కూర్చుని మీటర్ చూస్తూ వాయించలేని వాళ్ళకి నిజంగా సుఖం. దానికి నాలుగే ట్రాకులు, కలిపిన పాటని దించుకోడానికి విడిగా ఒక బౌన్స్ ట్రాకు. 1979లో టాస్కామ్ మొదటి పోర్టాస్టూడియో వచ్చినప్పుడు క్యాసెట్ మీద ఉన్నవీ నాలుగే. మూడు నింపి, వాటిని నాలుగోదాన్లోకి కలిపి, ఖాళీ అయిన మూడిట్లో మళ్ళీ వాయించేవాళ్ళు. నాలుగంటే చిన్నచూపు అక్కర్లేదు.

మన సంగీతం వాళ్ళు తప్పక చూడాల్సింది మెట్రోనోమ్, టకటకమని లయ లెక్కపెట్టేది. ఆదితాళానికి ఏ మిషనైనా సరిపోతుంది. మిశ్రచాపుకి ఏడు, ఖండచాపుకి ఐదు లెక్క పెట్టే వీలుందో లేదో మెనూలో వెతకండి. లేకపోతే నాలుగేసి దెబ్బలకి ఒకసారి "టింగ్" అంటూ మన లెక్కంతా చెడగొడుతుంది. నేనైతే దాన్ని మానేసి ఒక ట్రాకులో చేత్తో తాళం వేసి పెట్టుకుంటాను, ఇంకోదాన్లో శృతిపెట్టె. చివర్లో తాళం ట్రాకు మూసేస్తాను. కాకినాడ ఉప్పుగాలికి పొద్దున పెట్టిన శృతి సాయంత్రానికి ఉండదు. శృతి ట్రాకులో ఉంటే ఎన్ని రోజులకి మళ్ళీ వాయించినా దానికే తీగ బిగించుకోవచ్చు. ఇవి రెండూ హెడ్‌ఫోన్లోనే వినాలి, చెవి మొత్తం మూసే రకంలో. లేకపోతే టకటక అంతా మైకులోకి పోతుంది.

ఎఫెక్టులు వంద ఉన్నాయా రెండొందలున్నాయా అన్నది నేను పట్టించుకోను. రివర్బ్‌ని, అంటే పెద్ద హాల్లో వచ్చే మోతలాంటిదాన్ని, రికార్డింగులో కలపకుండా, వినేటప్పుడు మాత్రమే వేసుకునే వీలుంటే చాలు. మోజుకొద్దీ కచేరీ హాలు రివర్బ్ కలిపేసి రికార్డు చేసిన పాట ఒకటి నా దగ్గరుంది. బావిలోంచి వాయిస్తున్నట్టుంటుంది, విడదీయడానికి లేదు.

ఫైళ్ళు బయటికెలా వస్తాయో కూడా కనుక్కోండి. జూమ్ ఆర్16లో ట్రాకులు వేవ్ ఫైళ్ళుగానే కార్డులో ఉంటాయి, తీసి కంప్యూటర్లో పెడితే కనపడతాయి. టాస్కామ్ డీపీ రకాల్లో పాట కార్డులోనే కంప్యూటర్‌కి కనపడని వేరే భాగంలో ఉంటుంది, మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చేస్తేనే కంప్యూటర్‌కి అందుతుంది. కష్టం కాదు, ఒక మెట్టు ఎక్కువ. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఒక ట్రాకుకి నిమిషానికి సుమారు 8 ఎంబీ పడుతుంది. మా నాలుగు ట్రాకుల లెక్కకి 32 జీబీ కార్డు దాదాపు 16 గంటలొస్తుంది. అంతకంటే పెద్ద కార్డు పాత మిషన్లు చాలావాటికి ఎక్కదు కూడా.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. నా మొదటి మిషన్, ఆపు బటన్ నొక్కాకే పాటని కార్డులో భద్రం చేసేది. ఇరవై నిమిషాల పాట చివర్లో కరెంటు పోయి మొత్తం గల్లంతయింది. మావారు మృదంగం సంచిలో పెట్టేసి కాఫీకి వెళ్ళిపోయారు, ఆరోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఆర్16 ఆరు పెన్సిల్ సెల్స్‌తో, డీపీ-008ఈఎక్స్ నాలుగింటితో నడుస్తాయి. డీపీ-24ఎస్‌డీ, టాస్కామ్‌దే మోడల్ 12 లాంటివి అడాప్టర్ మీదే ఆధారం, ఇన్వర్టర్ లేని ఇంట్లో ఆలోచించుకోండి.

ఎనిమిది ఇన్‌పుట్ల మిషన్ నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వీణతో ఆటోలో వాళ్ళింటికెళ్తే ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. ఒక్కో ఇన్‌పుట్లో మైకు పెట్టి దాని నంబరు చెప్పి రికార్డు చేశాను: "ఒకటి, రెండు, మూడు..." ఫేడర్లన్నీ, అంటే ఒక్కో ట్రాకు శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటల్ని, పైకీ కిందికీ జరుపుతూ హెడ్‌ఫోన్లో విన్నాను. హెడ్‌ఫోన్ పిన్ను మెల్లగా తిప్పి ఒక చెవిలో ఆగిపోతోందేమో చూశాను. సెల్స్ మూత తీసి తుప్పుందేమో చూశాను. అడాప్టర్ మిషన్‌తో వచ్చినదేనా అని వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోల్చాను. చివరికి కార్డు తీసి మళ్ళీ పెట్టి, ఇందాకటి పాట తెరుచుకుంటుందా అని చూశాను.

"ఇంతసేపు ఎవరూ చూడలేదమ్మా, అందరూ లైట్లు వెలిగితే తీసుకెళ్ళిపోతారు" అన్నాడు. ఏడో ఫేడర్ గరగరలాడుతోంది. అది వినిపించి వెయ్యి రూపాయలు తగ్గించమన్నాను. ఐదొందలకి ఒప్పుకున్నాడు. మాకు కావాల్సినవి నాలుగే కదా, ఏడోది ఇప్పటికీ వాడలేదు.