ఎం20 హ్యాండిల్‌బార్ మీటలు: నా అనుభవం

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన 496 సీసీ బి.ఎస్.ఎ. ఎం20 మోటార్‌సైకిల్‌ను బాగుచేస్తున్నప్పుడు, ఇంజను కన్నా హ్యాండిల్‌బారే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. తళతళలాడే క్రోమ్ లీవర్లు కొని తెచ్చి బిగించబోతే, వాటి క్లాంపులు అంగుళం గొట్టానికి చేసినవని, నా గొట్టం వెర్నియర్‌తో కొలిస్తే 22.2 మిల్లీమీటర్లేనని తేలింది. మధ్యలో రేకు చుట్టి సరిపెట్టాను గాని, క్లచ్ పట్టిన ప్రతిసారీ లీవరు కిందికి తిరిగిపోయేది. నా బద్ధకానికి తగిన శాస్తే. చివరకు పాత సామాన్ల సంతలో దొరికిన ఉక్కు లీవర్లకు తుప్పు వదిలించి నల్లరంగు వేశాను. రబ్బరు కొరత నాటి బండ్లకు ఉన్నట్టే చేతిపిడులకు కాన్వాసు గుడ్డ తొడిగాను.

అసలు చిక్కు ఇగ్నిషన్ మీటతో, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలో సర్దే లీవరుతో వచ్చింది. రిటార్డ్‌లో (స్పార్క్ ఆలస్యంగా పడేలా) ఉంచాననే నమ్మకంతో కిక్ కొడితే అది ఎదురు తన్ని, మడమ వారం రోజులు వాచింది. స్పార్క్‌కు కరెంటు పుట్టించే మాగ్నెటో మూత తీసి, మీట కదుపుతూ చూస్తే, పాయింట్లను (కరెంటును తెంచి స్పార్క్ పుట్టించే లోహపు ముక్కలను) విడదీసే కామ్ రింగు, ఆ పాయింట్లు తిరిగే దిశకు ఎదురుగా, అంటే స్పార్క్ ముందుగానే పడేలా జరుగుతోంది. అవతలి దిశలో లాగే మీట వెతికి బిగించి, కేబులు కొత్తగా కట్టించాక, రెండో కిక్కుకే ఇంజను అందుకుంది.